చూస్తే అంటుకుంటుందట

జులై 3

ఎదురుచూసి చూసి కళ్ళు కాయలు కాస్తాయంటారు. నావి కలక తెచ్చుకున్నాయి. నా ఒకటో క్లాసు పిల్లల చలవ. పొద్దున లేచేసరికి రెప్పలు అతుక్కుపోయి ఉన్నాయి. మా ఆయన ఓడ దిగి ఇంటికొచ్చేది రేపే, ఎనిమిది నెలల తర్వాత. ఉండేది అయిదు రోజులే. ఏం రాతో నాది.

జులై 4

వచ్చాడు. గుమ్మంలోనే అత్తయ్య నన్ను ఆపేసింది. నా కళ్ళలోకి చూస్తే ఆయనకు అంటుకుంటుందట. ఓడలో వంట చేసే మనిషి, కన్ను ఎర్రగా ఉంటే మళ్ళీ ఓడ ఎక్కనివ్వరట. ఆ రెండో మాట నిజమే. నాకు నల్లకళ్ళద్దాలు తగిలించింది. ఇంట్లో, భోజనాల దగ్గర కూడా. ఆయన రంగు తగ్గాడో, అద్దాల మహిమో తెలియలేదు.

జులై 5, మధ్యాహ్నం

డాక్టరమ్మ నవ్వింది. చూపుతో రాదట. కళ్ళు నలిపిన చెయ్యి, తువ్వాలు, దిండు, వీటితో వస్తుందట. చుక్కల మందు రాసింది. కాచి చల్లార్చిన నీళ్ళలో దూది ముంచి తుడుచుకోమంది, కంటికో దూది. ఒకరి సీసా ఇంకొకరు వాడొద్దంది. ఇంటికొచ్చి చెబితే, నిన్నగాక మొన్నొచ్చిన డాక్టరుకేం తెలుసని అత్తయ్య కొట్టిపారేసింది. ఆయన మాత్రం శ్రద్ధగా విన్నాడు. తువ్వాలు సంగతి మళ్ళీ అడిగాడు.

జులై 6

అత్తయ్య బయటికెళ్ళిన టైమ్ చూసి, చుక్కలు తనే వేస్తానన్నాడు. చేతులు కడుక్కొచ్చి నా మొహం పైకెత్తమన్నాడు. అద్దాలు తీశాను. ఆయన కనుబొమ్మలో ఒక తెల్ల వెంట్రుక, కొత్తది. నేను లేని చోట వచ్చింది. మందు కారిపోయిందని చెప్పి మళ్ళీ వేయించుకున్నాను. కారలేదు.

జులై 7

పాడు బుద్ధి. ఆయన తువ్వాలు తీసి నా ఆకుపచ్చ తువ్వాలుతో పాటు ఒకే కొక్కేనికి తగిలించాను. అంటుకుంటే ఓడ పోతుంది, మనిషి మిగులుతాడు. కాసేపటికి భయమేసింది. ఆ ఓడలో వంటిల్లంటే ఆయనకెంత గర్వమో నాకు తెలుసు. రెండూ తీసి మరిగే నీళ్ళలో పడేశాను. ఏడుపొచ్చింది. కళ్ళు నలపకూడదు కదా, కారినంత సేపూ కారనిచ్చాను.

జులై 8

ఉండిపొమ్మని అడగలేదు.

జులై 9

వెళ్ళిపోయాడు. రేవు చేరడానికి రైల్లో రెండు రోజులు. అక్కడ డాక్టరు చూశాకే ఓడెక్కనిస్తారు. అత్తయ్య ముందు నాతో ఒక్క మాటే అన్నాడు, "కళ్ళు జాగ్రత్త."

సాయంత్రం మొహం కడుక్కుని చూస్తే కొక్కేనికి ఆయన తువ్వాలు ఉంది. ఉతికి ఆరేసిందే, తడి కూడా తగల్లేదు. నాది లేదు. పొద్దున నేను వాడింది. దండెం మీద లేదు, మంచం కింద లేదు.

జులై 11

ఫోన్ చేశాడు. ఎడమ కన్ను ఎర్రబడిందట. ఓడ వెళ్ళిపోయిందట. గొంతులో ఎంత సంతోషమో. "నాకో సీసా కొని ఉంచు" అన్నాడు.

చూపే అంటించిందని అత్తయ్య అంది. ఔనన్నాను.