నాగవంశీ రిపోర్టులో ఆ వాక్యం కొట్టెయ్యమని

ఫిషింగ్ హార్బరు,
విశాఖపట్నం.

'యువతకు తోడు' పథకం అధికారి గారి సముఖమునకు, బోటు డ్రైవరు గరికిన గవర్రాజు తన మేనకోడలు మధులత చేత వ్రాయించుకొను అర్జీ.

అయ్యా,

విషయం: మల్కాపురం వాస్తవ్యుడు నాగవంశీ, వయస్సు పదిహేడు, గురించి తమ కార్యాలయం బాలల న్యాయ బోర్డుకు పంపబోవు రిపోర్టులో 'మెంటారును కాదని తనంతట తానే తప్పించుకుపోయినాడు' అను వాక్యము తొలగించుట గురించి.

1. సెల్‌ఫోను దొంగతనంలో మొదటిసారి దొరికిన సదరు బాలుడికి మెంటారుగా, అనగా తోడుండి మంచీచెడూ చెప్పే పెద్దమనిషిగా, తమ కార్యాలయం వారు నన్ను నియమించియుండిరి. అది చేపల వేట నిషేధ కాలం. బోట్లన్నీ జెట్టీకి కట్టేసి ఉన్నవి, నేనూ ఖాళీ. వంశీ రోజూ వచ్చేవాడు. వలకి చిరుగులు కుట్టడం నేర్పినాను. వాడి కుట్లు చూసి బోటు పనివాళ్ళు, మా కలాసీలు, నవ్వితే, "నవ్వండి నవ్వండి, ఇందులోంచి ఒక్క సేప పోతే నన్నడగండి" అనేవాడు. తండ్రి లేని పిల్లడు. తల్లి పోతమ్మ అపార్ట్‌మెంట్లలో పనిచేసి చీకటి పడ్డాక ఇల్లు చేరుతుంది. వాడి మధ్యాహ్నం భోజనం మా ఇంట్లోనే.

2. నిషేధం ఎత్తివేయగానే నేను వేటకు పోవలసి వచ్చినది. పోతే రెండు మూడు వారాలు ఒడ్డు కనపడదు. ప్రతి ఆదివారం బాలుడితో ఫొటో దిగి పంపలేదని, నేను ఒడ్డుకు తిరిగొచ్చేలోగానే నన్ను పథకం నుంచి తొలగించినారు. నడిసముద్రంలో సిగ్నల్ ఎక్కడుంటుందయ్యా? వేట మొదలైతే బోటు డ్రైవరు ఒడ్డున ఉండడని ఈ ఊళ్ళో చంటిపిల్లకి కూడా తెలుసు. "అర్జీలో ఇలాగ రాత్తారేటి మావయ్యా?" అని మధులత అంటున్నది. రాయమన్నాను.

3. అసలు సంగతి ఇది. బోటు కదిలే రోజు వంశీ జెట్టీ మీదకి పరిగెత్తుకొచ్చి, అందరి ముందూ, "మామా, మళ్ళా ఎప్పుడొత్తావ్?" అని అడిగినాడు. అయ్యా, వేటకి పోయేవాణ్ణి మాలో ఆ మాట అడగరు. కట్టుకున్నది కూడా అడగదు. అడిగితే మనిషి తిరిగి రాడని మా భయం. కలాసీలందరూ నా మొహం చూసినారు. "నోర్ముయ్యెహె! ఎల్లిక్కణ్ణించి" అని కసిరి, వెనక్కి చూడకుండా బోటెక్కేసినాను. వేట ఎరగని మల్కాపురం పిల్లడికి మా పట్టింపులేం తెలుసు? నేను వదిలించుకున్నాననుకున్నాడు. తమ కొత్త మెంటారు గారు ఫోను చేస్తే, "మీరూ పోయేవోరే కదండీ" అని పెట్టేసినాడట. పాత సావాసగాళ్ళ దగ్గరకే పోయి, పెందుర్తిలో గంజాయి సంచితో దొరికినాడు.

4. కావున వాడు తప్పించుకుపోలేదు. కసిరితే పోయినాడు. రెండింటికీ తేడా బోర్డు వారికి తెలియవలెను. రిపోర్టు అలాగే వెళితే వాణ్ణి ఇప్పుడున్న బాలల హోమ్‌లోనే ఉంచేస్తారట. మారే పిల్లడని తమరు వ్రాస్తే ఇంటికి పంపవచ్చునట. వాడు నా కడుపున పుట్టలేదు, అడిగే హక్కు నాకు లేదు. అయినా అన్నం ముందు కూర్చుంటే ఏడుపొస్తున్నదయ్యా.

శుక్రవారం విచారణకు ముందే పై వాక్యము కొట్టివేసి, నన్ను తిరిగి వాడికి మెంటారుగా వేయవలెనని వేడుకొనుచున్నాను. తమరూ పిల్లలు కలవారు, ఆ మనసుతో చిత్తగించవలెను.

ఇట్లు,
తమ పథకంలో లేకపోయినా తమ విధేయుడు,
గరికిన గవర్రాజు

తా.క. నిన్న హోమ్‌కి పోయినాను. చుట్టాన్ని కాను, పథకంలో లేను, లోపలికి పంపేది లేదన్నారు. బోటు గురువారం కదులుతుంది. నేను ఎక్కడం లేదు. ఓనరుతో చెప్పేస్తే వేరే డ్రైవరుని చూసుకున్నాడు. జెట్టీలో ఐసు మోసుకుని బతుకుతాను. ఇదేదీ వాడికి తెలీదు. తమరు వాణ్ణి చూడ్డానికి వెళ్ళినప్పుడు ఒక్క ముక్క చెప్పండయ్యా, మామ ఎక్కడికీ పోలేదని.