క్లోరిన్ గదిలో వాసన రావట్లేదు

జూన్ 3

ఈ పొడుగాయన మీద నాకు నమ్మకం లేదు. మా మంచినీళ్ల రిజర్వాయర్‌కి కొత్తగా వచ్చిన ఆపరేటర్. నేను క్లోరిన్ గదిలో సిలిండర్ చూసుకుంటుంటే గుమ్మంలోనే ఆగి దగ్గాడు. గ్యాస్ వాసనొస్తోంది మేడమ్, బయటికి రండి అన్నాడు. నాకు ఏ వాసనా రాలేదు. నన్ను బెదరగొట్టి నా డే షిఫ్ట్ కొట్టేద్దామని ప్లాన్. ఎంత తిరిగితే వచ్చిన షిఫ్టో నాకు తెలుసు. నా దగ్గర ఆ పప్పులుడకవు.

జూన్ 5

మళ్లీ దగ్గాడు. నటన బాగానే వచ్చు.

జూన్ 8, సాయంత్రం

ఇంట్లో ఇంకో గొడవ. పాలు మాడి గిన్నె బొగ్గయింది. నేను స్టవ్ పక్కనే కూర్చుని ఫోన్ చూస్తున్నాను. అత్తయ్య పరుగెత్తుకొచ్చి, వీధంతా కంపు కొడుతుంటే నీకు తెలీట్లేదా అమ్మాయ్ అంది. ఈవిడ గోరంతని కొండంత చేస్తుంది. మా ఆయన ఆవిడకే వంత పాడాడు. ఇద్దరూ కూడబలుక్కున్నారేమో.

జూన్ 9

నిమ్మకాయ కోసి ముక్కు దగ్గర పెట్టుకున్నాను. సబ్బు. ఫినాయిల్. ఏమీ లేదు. ఎవరికీ చెప్పలేదు.

జూన్ 10

పొడుగాయన మాస్క్ పెట్టుకుని, కర్రకి కట్టిన గుడ్డని అమ్మోనియాలో తడిపి వాల్వ్ చుట్టూ తిప్పాడు. క్లోరిన్ లీకవుతుంటే తెల్లగా పొగ వస్తుంది. వచ్చింది. నేను పొద్దుటినుంచీ అక్కడే ఉన్నాను, మాస్క్ లేకుండా. కళ్లు మండుతుంటే ఫోన్‌ని తిట్టుకుంటున్నాను.

చెయ్యి పట్టుకుని బయటికి లాగాడు. తర్వాత సిలిండర్ కట్టేసి వచ్చాడు. మీకు వాసన తెలీట్లేదు కదా అని మెల్లగా అడిగాడు. పై వాళ్లకి మీరు చెప్పండి, లేకపోతే నేను చెప్పాల్సొస్తుంది అన్నాడు. సిగ్గేసింది. చెప్తే ఈ ఉద్యోగం ఉంటుందా?

జూన్ 12

సూపరింటెండెంట్ గారికి చెప్పేశాను. ఆయన ఆశ్చర్యపోలేదు. అదే నాకు తేడాగా అనిపించింది. కుర్చీ చూపించి, ఈ మాట మన మధ్యే ఉండనీయమ్మా అన్నారు. ఇదివరకటి వాళ్లంతా వాసన వాసన అని ప్రాణం తీశారట. నువ్వొక్కదానివే ఏ రోజూ ఆ మాట ఎత్తలేదు, అందుకేగా ఆ గది నీకిచ్చాం అన్నారు. వాల్వ్ సంగతి తర్వాత చూద్దాం, సిలిండర్ తెరిచెయ్ అన్నారు.

తెరవలేదు. ఒళ్లు మండిపోయింది. పై ఆఫీసుకి కంప్లయింట్ పెట్టాను, నా పేరుతోనే, నా ముక్కు సంగతితో సహా. పొడుగాయన కూడా సంతకం పెట్టాడు.

జూన్ 13

నా యూనిఫాం వాసన చూడమని అత్తయ్యకిచ్చాను. ఎప్పుడూ ఉండే బ్లీచింగ్ వాసనేగా అమ్మాయ్, నీకు తెలుసనుకున్నాం అంది.