పట్టికలో లేని పాట

నాకు డెబ్బై ఒకటో ఏడు. మోకాళ్లు మొరాయిస్తున్నా బుర్ర చురుగ్గానే ఉంది. ఎవరి బలవంతమూ లేకుండా, వాక్యగ్రంథం, అదే నా బైబిలు, ఎడమచేతి కింద పెట్టుకుని, నవ్వు ఆపుకోలేకపోతూ ఈ వీలునామా రాస్తున్నాను. నవ్వుతూ రాస్తే చెల్లదనేవాడు ఆ చట్టమేదో చూపించాలి! నిరుడు రాసింది ఇందుమూలంగా రద్దు. అది కోపంతో రాసింది.

1. రద్దుకు కారణం: నా భార్య పాడగా రికార్డయిన పాట ఒక్కటే. దాన్ని డిస్కులోకి ఎక్కించింది ఆమె తమ్ముడు, డిస్కుల దుకాణం నడిపే నా బావమరిది. ఆమె పోయిన ఏడాదికి, అందులో చోటుంది కదా అని నా ప్రసంగం ఎక్కించాను. పాట మాయమైంది! "నాసిరకం సరుకు అంటగట్టావురా" అని తొమ్మిదేళ్లు వాడితో మాట్లాడలేదు. ప్రసంగాల్లో కూడా వాణ్ణి ఉతికి ఆరేశాను.

2. మొన్న మంగళవారం నా కూతురు ఆ డిస్కు తెరిచి చూసింది. "నాన్నా, ఇందులో ఏదీ చెరగదు. ఎక్కించిన ప్రతిసారీ లోపల ఏమున్నాయో చెప్పే కొత్త పట్టిక పడుతుంది, కంప్యూటరు ఆఖరి పట్టికే చూపిస్తుంది. పాతవి కలుపుకోమంటావా అని అడిగితే నువ్వే వద్దన్నావు" అంది. నిజమే! పాతవి విడిచి ముందుకు సాగమని అప్పుడే బోధించి వచ్చిన వేడిలో ఉన్నాను. తెర అడిగిందే తడవు, 'వద్దు' నొక్కాను.

అమ్మాయి మొదటి పట్టిక తెరిచింది. చిన్న దగ్గు. తమ్ముడితో అంటోంది నా భార్య: "ఆగరా, గొంతు సవరించుకోనీ." ఆ తర్వాత పాట. బైబిలు కథలో తప్పిపోయిన గొర్రె దొరికిన కాపరి ఇరుగుపొరుగును ఎందుకు పిలిచాడో అప్పుడు తెలిసింది. మోకాళ్ల సంగతి మరిచి మెట్లు దిగి, నేనూ పిలిచాను.

3. బావమరిది దుకాణం ముందు నిలబడి, వినేవాళ్లందరూ వినేలా తప్పు ఒప్పుకున్నాను. "తొమ్మిదేళ్లకి ఒక్క మాటేనా బావా? గంటసేపు దంచుతావనుకున్నా" అన్నాడు. వాడికి నా గొడుగూ, ప్రసంగాలున్న ఇరవై మూడు డిస్కులూ. ఇవి చెరిపి మళ్లీ రాసుకునే రకం. వాణ్ణి తిట్టినవే ముందు చెరపవలెను. ఈ వీలునామా అమలు చేసే బాధ్యతా వాడిదే.

4. ఇల్లు సర్వహక్కులతో కూతురికి. వాక్యగ్రంథం కూడా. అంచుల్లో నా రాతలు చూసి నవ్వుకోవచ్చు.

5. నన్ను సాగనంపేటప్పుడు ప్రసంగం పెట్టరాదు. పాట వేయాలి. మధ్యలో లేచి వ్యాఖ్యానం చేయనని హామీ ఇస్తున్నాను.

6. పాట డిస్కు నా కూతురిది. ఇప్పుడు కొత్త పట్టికలో పాటా, ప్రసంగమూ పక్కపక్కనే ఉన్నాయి. ఇక ఏదీ ఎక్కకుండా డిస్కును శాశ్వతంగా ముగించే మీట ఎవరూ నొక్కరాదు. ఇంకా పన్నెండు నిమిషాల చోటుంది. అమ్మ పోయాక నువ్వు పాడటం మానేశావు, తల్లీ. ఆ చోటు నీది. దగ్గుతో మొదలుపెట్టినా ఫరవాలేదు. తెర అడిగినప్పుడు మాత్రం నాలా తొందరపడకు. 'కలుపు' అను.

2019 జూన్ 14, శుక్రవారం.

(సంతకం) మైకు అక్కర్లేని ప్రసంగీకుడు

సాక్షులు: పై అంతస్తు కుట్టుపని ఆవిడ, ఎదురింటి పంపుల మెకానిక్. మంగళవారం నేను పిలిస్తే పరుగెత్తుకొచ్చి పాట విన్నది వీరే.