కడగని రోటవేటర్

మంగళవారం, రాత్రి

తలుచుకుంటేనే ఒళ్లు మండుతోంది. ఎయిర్‌పోర్టు రోడ్డు పక్కన మా చేను ఫంక్షన్ గార్డెన్ అవుతోంది కదా, లాన్ కోసం ఈ రోజు దున్నాం. నిన్నటి వాన తడి ఆరనే లేదు, ఆ నల్లరేగడిలోకి మా ఆయన ట్రాక్టర్‌కు తిరిగే కత్తుల రోటవేటర్ తగిలించి దింపాడు. మట్టి పేడముద్దల్లా గడ్డకట్టింది. గట్టు మూలనున్న తుంగ కలుపు గడ్డలతో సహా ముక్కలై చేనంతా పరుచుకుంది. ప్రతి ముక్కా మొలుస్తుందని ఆయనకు తెలియదా? జొన్న వేసే రోజుల్లో అయితే ముందు కల్టివేటర్‌తో దున్ని, పైకి తేలిన తుంగగడ్డల్ని ఎండలో మాడనిచ్చేవాడు.

"పైన లాన్ పరుస్తం గదా, ఎవ్వలకు కనబడుతది?" అన్నాడు. అసహ్యం వేసింది.

రేపు పొద్దున అదే రోటవేటర్ పక్క చేనుకు, మేరక్క టమాటా మడి దున్నడానికి పోతుంది. కత్తులకు మా బురద, అందులో తుంగగడ్డలు అట్లాగే అంటుకుని ఉన్నాయి.

"జర కడిగి తీస్కపో" అన్నాను.

"ఆమె సూస్తదా ఏంది?" అని తిని పడుకున్నాడు.

మేరక్క చూడదు. మా మీద నమ్మకం. అదే నాకు...

మా చేనులో మొలిచే తుంగ బాధ మేం పడతాం, మేరక్కకెందుకు? ట్రాక్టర్ తాళంచెవి నా దిండు కింద ఉంది.