రెండు అని రాసిన రోజులు

అక్కా,

ఫోన్లో చెబుదామని మూడుసార్లు మొదలుపెట్టి, మూడుసార్లూ పిల్లల చదువుల మీదికి మాట మళ్ళించాను. అందుకే కాగితం మీద పెడుతున్నాను. చదివేటప్పుడు బావని పక్కన కూర్చోబెట్టుకోకు.

ఆరు నెలల కింద నాకు పొట్టలో చిన్న ఆపరేషన్ అయిందన్నాను కదా, అది సగం నిజం. గర్భసంచి లోపల ఉండాల్సిన పొర లాంటిదే బయట అక్కడక్కడా మచ్చల్లా అతుక్కుని పెరుగుతోందట. ఎండోమెట్రియోసిస్ అంటారు. నెలనెలా వచ్చే నొప్పి కాస్తా నెలంతా ఉండిపోయింది. ఆ మచ్చల్ని తీసేస్తే నొప్పి నిజంగా తగ్గుతుందా అని ఇక్కడి ఆసుపత్రిలో పరిశోధన చేస్తున్నారు. నేను చేరాను. అందరికీ మూడు చిన్న గాట్లు పెట్టి కెమెరాతో లోపల చూస్తారు. సగం మందికి మచ్చలు తీస్తారు, సగం మందికి చూసి మూసేస్తారు. ఎవరికి ఏది చేశారో ఆరు నెలల దాకా చెప్పరు. ఇదంతా ముందే వివరంగా చెప్పి సంతకం పెట్టించుకున్నారు, వాళ్ళు మోసం చెయ్యలేదు. చేసింది నేను.

వాళ్ళు ఒక పుస్తకం ఇచ్చారు. రోజూ సాయంత్రం నొప్పి ఎంతో సున్నా నుంచి పది లోపు అంకె వెయ్యాలి. నేను రోజూ రెండు వేస్తున్నాను. మొన్న మా కళ్ళజోళ్ళ కొట్లో అద్దం అరగదీస్తుంటే నడుం విరిగినట్టయి బల్ల కింద కూలబడ్డాను. ఏమైందని కస్టమర్ అడిగితే, స్క్రూ పడిపోయింది, వెతుకుతున్నానన్నాను. ఇంటికొచ్చి రెండు అని రాశాను.

డాక్టరమ్మ ఆశగా నా మొహంలోకి చూసి "ఎలా ఉందమ్మా" అంటుంది. అంత కష్టపడ్డ మనిషితో తగ్గలేదని ఎలా చెప్పను అనుకున్నాను. మా కొట్లో అక్షరాల చార్టు ముందు కూర్చుని, కనబడకపోయినా మొహమాటానికి "బానే ఉందండీ" అనేవాళ్ళని నేనే కసురుతాను, అద్దాలు తప్పుగా వస్తే తల తిరిగేది మీకే అని. నా బుద్ధి ఏమైందో చూడు.

పై సోమవారంతో ఆరు నెలలు నిండుతాయి, ఆ పుస్తకం ఇచ్చెయ్యాలి. నొప్పి అంకె నాలుగు దాటితేనే మళ్ళీ ఆపరేషన్ సంగతి చూస్తారు. నాది చూసి మూసేసిన పొట్ట అయితే నా పని అంతే. ఇంకో భయం కూడా ఉంది. నేను రెండని రాసింది చూసి, మచ్చలు తీయక్కర్లేదు, ఊరికే తగ్గిపోతుందని రేపు ఇంకెవరికో చెబితే? పోనీ నిజం చెబుదామంటే, ఇన్నాళ్ళూ అబద్ధాలు రాశావా, ఇక రాకు అంటారేమో. వారం నుంచి అన్నం సయించడం లేదు.

మొహమాటమన్నది కూడా పూర్తి నిజం కాదులే. నాకు పదమూడేళ్ళప్పుడు స్నానాల గది గుమ్మంలో ఈ నొప్పితోనే ముడుచుకుని పడుంటే, నువ్వు నన్ను దాటుకుంటూ వెళ్ళి అమ్మతో ఏమన్నావో గుర్తుందా? "దీనివన్నీ నాటకాలమ్మా, రేపు పరీక్ష" అన్నావు. అమ్మ నవ్వింది. ఆ రోజు నుంచి ఎవరు నొప్పి అడిగినా నాకు నీ గొంతే వినిపిస్తుంది. నీ మీద కోపం లేదని రాద్దామనుకున్నాను. ఉంది అక్కా.

నీ పొట్టి

—

పొట్టీ,

నీ ఉత్తరం స్టాఫ్ రూంలో చదివాను. తరువాతి పీరియడ్‌కి వెళ్ళలేకపోయాను.

గుర్తుంది. అంతకుముందు రెండేళ్ళ నుంచి నాకూ అదే నొప్పి. నేను దిండు నోట్లో కుక్కుకుని ఎవరికీ చెప్పకుండా నెట్టుకొస్తుంటే, నువ్వు గుమ్మంలో పడుకుని ఏడుస్తున్నావు. నాకు ఒళ్ళు మండింది. ఇది ఏడవగలుగుతోందే, నాకెందుకు చేతకాలేదు అనిపించింది. అందుకే ఆ మాట అన్నాను. తప్పు నాది. ఇన్నేళ్ళలో ఒక్కసారైనా నీతో చెప్పాల్సింది.

ఇప్పటికీ బోర్డు మీద లెక్క చేస్తూ చేస్తూ ఆగిపోతాను. పిల్లలు ఆలోచించాలని ఆగానేమో అనుకుంటారు. మీ బావకి గ్యాస్ అని చెబుతాను. లెక్కల టీచర్నే గానీ నాదెంతో ఎప్పుడూ వేసుకోలేదు. ఇవాళ వేశాను. ఏడు.

వెళ్ళి చెప్పు. తిడితే తిట్టించుకో. పొమ్మంటే ఫోన్ చెయ్యి, సెలవు పెట్టి వచ్చేస్తాను.

అక్క

—

అక్కా,

చెప్పేశాను. డాక్టరమ్మకి కోపం వచ్చింది, దాచుకోలేదు కూడా. "ఆరు నెలల శ్రమమ్మా" అని పుస్తకం మూసేసింది. తరువాత కుర్చీ దగ్గరికి జరుపుకుని, ఎందుకలా రాశావని అడిగింది. గుమ్మం సంగతి చెప్పాను. నీ ఏడు సంగతీ చెప్పాను, తిట్టుకోకు.

పాత అంకెలు చెరపరట. వాటి పక్కన నేను చెప్పింది రాసి సంతకం పెట్టించుకున్నారు. ఆరు నెలలూ నిండాయి కాబట్టి, ఎవరికి ఏది చేశారో రాసి అంటించి ఉంచిన కవరు చింపి చూపించారు. నాది చూసి మూసేసిన పొట్టే. మచ్చలన్నీ అలాగే ఉన్నాయి. ఏడుపొచ్చింది, ఆ వెంటే ప్రాణం తెరిపిన పడింది. ఇన్నేళ్ళూ నేను నాటకం ఆడలేదు అక్కా. ఒక నెల నిజమైన అంకెలు వేసుకుని వస్తే ఆపరేషన్‌కి రోజు చెబుతామన్నారు.

లేచి వస్తుంటే పుస్తకాలిచ్చే నర్సు వెనక్కి పిలిచింది. అక్కచెల్లెళ్ళిద్దరికీ ఉండటం వాళ్ళు చాలాసార్లు చూశారట, మీ అక్కని కూడా చూపించుకోమని చెప్పండి అంది. ఒక కొత్త పుస్తకం అడిగి తెచ్చుకున్నాను. ఈ కవర్లో పెడుతున్నాను. మొదటి పేజీలో ఏడు నువ్వే వెయ్యి, వచ్చే ఆదివారం నేనొచ్చి చూస్తాను. రెండు అని కనబడిందో, బావ ముందే అడుగుతాను.

నీ పొట్టి