తాత పాత పేరు

నరసాపురం, గురువారం.

అమ్మకు ఆశాజ్యోతి వందనాలు. ఫోన్లో చెబితే నీకు వినపడదు, అందుకే ఈ కార్డు. స్థలం మనదే, ఇక బెంగపడకు.

మూడు రోజులు రిజిస్ట్రారు ఆఫీసు చుట్టూ తిరిగాను. పాత పుస్తకాల్లో తాత ఎజ్రా పేరున ఒక్క దస్తావేజూ లేదన్నారు. నిన్న దిగులుగా మన స్థలం దగ్గర నిలబడితే, ఎదురింటి అరుగు మీద లేసు అల్లుకుంటున్న సూరమ్మ గారు పిలిచి, "స్థలం కొన్నప్పటికి మీ తాత ఇంకా బాప్తిస్మం తీసుకోలేదమ్మా. అప్పుడాయన చిట్టియ్య. ఆ పేరుతో వెతికించు" అన్నారు. ఇవాళ అలాగే అడిగాను. గంటలో దొరికింది! నాలుగు హద్దులతో సహా స్టాంపు వేసిన నకలు చేతికిచ్చారు. "కాగితం ఉంటే చూపించండి" అంటూ మన స్థలంలో కంచె పాతిన దొరబాబు గారు దాన్ని రెండుసార్లు చదివారు. పక్కనే సూరమ్మ గారు సాక్ష్యానికి నిలబడ్డారు. సాయంత్రానికల్లా స్తంభాలు ఆయనే పీకించేసుకున్నారు.

ఇంతకీ ఆ పేరు నాకెప్పుడూ ఎందుకు చెప్పలేదే? పెట్టెలో తాత బాప్తిస్మం కాగితం ఉంటుంది, రెండు పేర్లూ ఆయనవేనని రుజువుకి తమ్ముడి చేత పంపు. బీపీ మాత్రలు మానలేదు కదా? పొదగేసిన గుడ్లు పిల్లలయ్యాయా?

ఆదివారం చర్చిలో కృతజ్ఞత కానుక వెయ్యి. కవరు మీద ఎజ్రా అని మాత్రమే రాయించకు, చిట్టియ్య అని కూడా రాయించు. పాస్టరు గారు రెండు పేర్లూ పైకి చదవాలి. నువ్వు ముందు వరసలో కూర్చో, నీకూ వినపడాలి.

నీ ఆశ