నేను తెచ్చిన ప్రాసెసర్

బిడ్డా లతా,

నువ్వు పోయి నిన్నటికి ఏడాది. గేములు ఆడుకునే కంప్యూటర్ కోసం నువ్వు ఒక్కొక్కటిగా కొని దాచిన సామాన్లన్నీ సంచిలో పెట్టుకుని ఈరోజు సిరిసిల్ల బజారుకు పోయాను. బిగించి ఒక్కసారైనా వెలిగిద్దామని.

షాపతను బోర్డునూ ప్రాసెసర్‌నూ పక్కపక్కన పెట్టి చూశాడు.

“కాకా, గిది గీ బోర్డుల కూసోదు. కంపెనీ ఒక్కటే గని, బోర్డు కొత్త రకం, గిది పాత రకం. ఎవలు తెచ్చిండ్రు?”

“నేనే” అన్నాను. “ఆకురాయితోని జెర రాస్తే కూసోదా?”

మరమగ్గాల సాంచెల మీద బతికినవాణ్ని. ఇనుము పట్టకపోతే రాసి పట్టించడమే నాకు తెలుసు.

“గిదేమన్న సాంచె అనుకున్నవా కాకా!” అని నవ్వాడు.

అప్పుడు నేను ఒక పెళ్లికని కోరుట్ల పోతుంటే నువ్వు కాగితం మీద ప్రాసెసర్ పేరు రాసిచ్చావు. అక్కడి షాపులో అది లేదు, ఇదీ ఆ కంపెనీదే అన్నారు. నీకు ఫోన్ చేసి అడగాలంటే అంతమంది ముందు సిగ్గేసింది. తెచ్చేశాను.

నువ్వు డబ్బా విప్పి చాలాసేపు చూశావు. “మంచిగున్నది బాపు” అన్నావు. ఎప్పుడు బిగిస్తావని అడిగితే “ఇంకో సామాను రావాలె” అనేదానివి. తర్వాత దవాఖానలే అయినయి.

సరైనది తెప్పిస్తానన్నాడు షాపతను. అన్నీ సంచిలో సర్దుకుని ఇంటికొచ్చాను.

ఒక్క మాట చెప్పకపోతివి బిడ్డా. కోరుట్ల ఎంత దూరమని. పొద్దున బస్సెక్కితే మాపటికల్లా మార్చుకొచ్చేవాణ్ని.

మీ బాపు